ఐదు కళ్ల వంతెనను తూకానికి వేయకండి

రైల్వే ఇంజనీరింగ్ అధికారులకు, జిల్లా యంత్రాంగానికి, మా ఓట్లతో గెలిచిన ప్రజాప్రతినిధులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను పాకాల, చంద్రగిరి మధ్య ఒక చిన్న ఊళ్లో ఉంటాను. గ్రామీణ డాక్ సేవక్‌గా ముప్పై ఆరేళ్లు ఉత్తరాలు పంచి విశ్రాంతి తీసుకున్నాను. అంతకాలం ఊరి ఉత్తరాలు మోసినవాణ్ని, ఇప్పుడు నా ఉత్తరమే చేరవలసిన చోటికి చేరడం లేదు. మూడు అర్జీలు ఇచ్చాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి 'సంబంధిత శాఖకు పంపడమైనది' అని ఒక ముక్క వచ్చింది. ఆ సంబంధిత శాఖకే నేరుగా మూడోది ఇస్తే 'ఇది మా పరిధిలోనిది కాదు' అని తిప్పి పంపారు. చిరునామా తప్పిన ఉత్తరాన్ని ఏం చేయాలో నాకు బాగా తెలుసు. చిరునామా సరిగ్గా ఉండి, పుచ్చుకునే మనిషి లేని ఉత్తరాన్ని నలుగురి ముందు విప్పి చదవడం తప్ప మరో దారి తోచలేదు.

సంగతి మా వాగు మీది పాత రైలు వంతెన గురించి. మీ రికార్డుల్లో దానికి ఏ నంబరు ఉందో గానీ, మేము ఐదు కళ్ల వంతెన అంటాం. ఐదు ఇనుప గర్డర్ల జతలు, మధ్యలో నాలుగు రాతి దిమ్మలు. పట్టాలు, స్లీపర్లు ఎప్పుడో ఊడదీసుకుపోయారు. ఒక్కో కంటికి రెండేసి దూలాలు, వాటి మధ్య ఖాళీ, కింద ఇసుక, ఏటికి రెండు మూడు నెలలు నీళ్లు. మొన్న వేసవిలో ఎవరో వచ్చి ఆ దూలాల మీద తెల్ల రంగుతో ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి వెళ్లారు. పాత ఇనుముకు అలా అంకెలు వేస్తే అర్థం ఏమిటో పాకాల జంక్షను చుట్టుపక్కల పెరిగిన ఎవరికీ చెప్పనక్కరలేదు. వేలం.

ఆ వంతెనను అమ్మవద్దనీ, దాని మీద మనుషులు నడిచే దారి వేయమనీ అడగడానికే ఈ లేఖ.

కొంచెం వెనక్కి వెళ్తాను, విసుక్కోకండి. 1876–78 నాటి ధాత కరువులో రాయలసీమ, ఉత్తర ఆర్కాటు జనం ఎండుటాకుల్లా రాలిపోయారు. గింజలున్న చోటి నుంచి లేని చోటికి తరలించే సాధనం ఉంటే ఇంత చావు ఉండేది కాదన్న ఆలోచన ఆ తర్వాత బలపడింది. కరువు ప్రాంతాలకు రైలు మార్గాలు వేయాలని 1880 నాటి కరువు కమిషను గట్టిగా చెప్పింది. 1890ల తొలినాళ్లకు దక్షిణ భారత రైల్వే వారి మీటర్ గేజ్ దారి విల్లుపురం నుంచి కాట్పాడి, చిత్తూరు, పాకాల మీదుగా ధర్మవరం చేరింది. పాకాల నుంచి మరో పాయ మా ఊరి పక్కగా తిరుపతి, రేణిగుంట, గూడూరు వైపు సాగింది. మా వంతెన ఆ పాయ మీదిది. అప్పటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు. అది 1911 ఏప్రిల్ 1న పుట్టింది. మేమిప్పుడు ఉన్న తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. జిల్లాలు పుట్టడం చూసిన వంతెన 'మా పరిధిలోనిది కాదు' అన్న మాట వింటే నవ్వుకుంటుందేమో.

దిమ్మలు కొండరాయితో కట్టినవి. ప్రతి రాయికీ అంచు వెంట అంగుళం వెడల్పున ఉలి గీసిన పట్టీ ఉంది, నడుమ భాగం మొరటుగానే వదిలేశారు. అతుకుల్లో సున్నం. రెండో దిమ్మ మీద ఒక చోట ఆ సున్నంలో వేలి ముద్రలు కనిపిస్తాయి. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో బొటనవేలితో అదిమి చూసి ఉంటారు. తూర్పు వైపు గర్డరుకు ఒక పోత ఇనుప పలక ఉంది. తయారుచేసిన కంపెనీ పేరు తుప్పు తినేసింది. అంకెల్లో '18' ఒక్కటే మిగిలింది, తర్వాతి రెండూ రాలిపోయాయి. కచ్చితమైన సంవత్సరం చెప్పలేకపోవడం వల్ల నా అర్జీ విలువ తగ్గదనుకుంటాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ వంతెన మీద ఇంకా ఆవిరి ఇంజన్లు తిరిగేవి. ఉత్తరాల సంచీతో అవతలి ఒడ్డు ఊరికి దీని మీదుగానే పోయేవాణ్ని. అది నేరమే, ఒప్పుకుంటాను. కమ్మీకి చెవి ఆనించి, లోపల సన్నగా రొద లేకపోతే కదిలేవాళ్లం. బండి మైలు దూరంలో ఉండగానే పొగ కనిపించేది, మలుపు దగ్గర కూత వినిపించేది. ఆ రోజుల భయం వేరు, ఇప్పటి భయం వేరు. ఆ మాటకు తర్వాత వస్తాను.

1992లో దేశమంతా ఒకే గేజ్ అన్న విధానం వచ్చింది. కమ్మీల మధ్య 1000 మిల్లీమీటర్ల దూరం 1676 మిల్లీమీటర్లు కావాలి. పాత గర్డర్లకు అంత వెడల్పూ లేదు, బ్రాడ్ గేజ్ బండ్ల బరువు మోసే సత్తా కూడా లేదు. అందుకని వాటిని అలాగే వదిలి, ఇరవై గజాల ఎగువన కొత్త వంతెన కట్టి, కొత్త దారి దాని మీదుగా వేశారు. అది సరైన పనే. కాట్పాడి వైపు నుంచి దూరప్రాంతాల బండ్లు మా తిరుపతికి నేరుగా వస్తున్నాయంటే దాని వల్లే. కాట్పాడిలో బండి మారకుండా ముందుకు పోగలిగిన సుఖం మాకూ తెలుసు.

ఇక 2021 నవంబరు. ఆ వారం తిరుపతి వీధుల్లో కార్లు తేలడం మీరంతా టీవీలో చూశారు. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని దిగువ ఊళ్లు ఖాళీ చేయించారు. మా వాగు స్వర్ణముఖిలో కలిసేదే. రెండు ఊళ్ల మధ్య ఉన్న ఒకే ఒక చప్టా ఆ రాత్రి కొట్టుకుపోయింది. పొద్దున చూస్తే సిమెంటు పలకలు అరమైలు దిగువన ఇసుకలో నిలువుగా దిగబడి ఉన్నాయి. ఐదు కళ్ల వంతెన మాత్రం దిమ్మల చుట్టూ చెత్త, తాటి మట్టలు, ఒక చచ్చిన దూడతో ఎక్కడున్నది అక్కడే ఉంది.

పాలు పోయాలి. అవతలి ఒడ్డున రేషన్ దుకాణం ఉంది, హైస్కూలు ఉంది. రోడ్డున చుట్టు తిరిగితే ఏడు కిలోమీటర్లు, అదీ ఆ రోడ్డు ఉంటే. అప్పుడు కుర్రవాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. వానకు మట్టి గోడలు కూలిన ఇళ్లు ఊళ్లో ఉన్నాయి. గోడలు పోయినా తలుపులు మిగిలాయి. ఆ తలుపులు మోసుకొచ్చి రెండు దూలాల మీద అడ్డంగా పరిచారు. అవి చాలకపోతే గోడలు నిలిచినవాళ్లు కూడా పశువుల పాక తలుపు, దొడ్డి తలుపు ఇచ్చారు. పసుపు గడపల వాళ్ల తలుపు మొదటి కంటి మీద, మా దొడ్డి తలుపు మూడో కంటి మీద. మా దానికి గొళ్లెం దగ్గర మా పెద్దవాడు చిన్నప్పుడు మేకుతో గీసిన బస్సు బొమ్మ ఉంటుంది. పాల క్యాన్లతో నడిచే ఆడవాళ్లు ఎవరి తలుపు మీద కాలు పెడుతున్నారో చెప్పుకుని నవ్వుకుంటూ పోయేవాళ్లు. పక్కల పట్టుకోవడానికి బోరుబావి తాడు కట్టాం. ఆ దారి మీద ఏడాదికి పైగా నడిచాం. ఒక్కరికీ ఏమీ కాలేదు.

తర్వాత తనిఖీకి వచ్చిన సిబ్బంది అది ప్రమాదమని తలుపులన్నీ తీసేసి, కట్ట పక్కన వరుసగా పేర్చి, 'ప్రవేశం నిషేధం' అని బోర్డు పెట్టారు. వాళ్ల ఉద్యోగం వాళ్లు చేశారు. తలుపులు పగలగొట్టకుండా ఉంచినందుకు కృతజ్ఞత కూడా చెబుతున్నాను. చప్టా మాత్రం ఈ రోజుకీ తిరిగి కట్టలేదు. ఇప్పుడు జనం ఎటు పోతున్నారో ఎవరైనా అడిగారా? ఇరవై గజాల ఎగువన, కరెంటు బండ్లు తిరిగే కొత్త వంతెన మీదుగా పోతున్నారు. పాత వంతెన మీద ప్రమాదం ఉందని మమ్మల్ని రైలు కిందికి తోలినట్లయింది.

దాని వల్ల జరుగుతున్నవి రాస్తున్నాను.

1. కరెంటు బండి ఆవిరి బండిలా ముందుగా చెప్పి రాదు. మలుపు తిరిగాక గానీ కనిపించదు, ఎదురుగాలి ఉంటే చప్పుడూ వినపడదు. కిందటి ఏడాది తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె సైకిలు తోసుకుంటూ సగం దాటాక బండి వచ్చింది. వంతెన పక్కన సిబ్బంది నిలబడడానికి ఉండే చిన్న అరుగు మీదికి దూకి, రెయిలింగును కౌగిలించుకుని కళ్లు మూసుకుంది. సైకిలు పోయింది. వంకరపోయిన ముందు చక్రం ఇప్పటికీ వాగులో ఉంది, ఎవరూ తీయడం లేదు. ఆ పిల్ల ఇప్పుడు బడికి పోవడం లేదు. వాళ్ల నాన్నను నేను తప్పుపట్టలేను.

2. రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా రైలు దారిలోకి వస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే పొద్దున పాలు పోసి వచ్చే ప్రతి ఆడమనిషీ, పలక పట్టుకున్న ప్రతి పిల్లవాడూ రోజుకు రెండుసార్లు ముద్దాయి.

3. అవతలి ఒడ్డు పొలాలున్నవాళ్లు టమాటా గంపలు నెత్తిన పెట్టుకుని దాటలేక, ఆటోకు చుట్టు తిరుగుడు బాడుగ ఇస్తున్నారు. ధర పడిపోయిన రోజున ఆ బాడుగ కూడా రాదు. ఇద్దరు పొలం బీడు పెట్టారు.

4. పెరటాసి నెలలో తమిళనాడు వైపు నుంచి పసుపు బట్టలతో గోవిందనామం చెప్పుకుంటూ తిరుమలకు నడిచిపోయే భక్తులు మీకు తెలియనివారు కారు. రోడ్డు మీద లారీలకు భయపడి కొందరు మా ఊరి దగ్గర పట్టాల దారి పడతారు. రాత్రిపూట, కొత్త చోటు, పాటలో మునిగి ఉంటారు. ఆ నెలంతా మా ఊళ్లో వంతులవారీగా ఇద్దరు లాంతరు పట్టుకుని కాపలా ఉంటున్నాం.

5. 108 వాహనం అవతలి ఒడ్డున ఆగుతుంది.

ఇంక మీరు చెప్పగల అభ్యంతరాలు. అర్జీలు పట్టుకుని తిరిగినప్పుడు కిటికీల దగ్గర విన్నవే కాబట్టి నాకు కంఠతా వచ్చు.

'పాత ఇనుము, మనుషుల బరువు ఆగుతుందా?' అన్నారు ఒకరు. మీటర్ గేజ్ మీద తిరిగిన వైజీ రకం ఆవిరి ఇంజను ఒక్కో ఇరుసు మీదే పది టన్నులకు పైగా మోపేది. మనుషులు నడిచే భాగానికి చదరపు మీటరుకు మామూలుగా 400 కిలోలు, పుణ్యక్షేత్రాల దగ్గర, తిరునాళ్ల జనం వచ్చే చోట 500 కిలోలు లెక్క కట్టాలని మన రోడ్డు వంతెనల ప్రమాణమే చెబుతుంది. తిరుపతి పక్కన ఉన్నాం కాబట్టి 500 అనుకుందాం. రెండు మీటర్ల వెడల్పు దారి మీద జనం భుజం భుజం రాసుకుని కిక్కిరిసినా మీటరు పొడవుకు ఒక టన్ను, దానికి తోడు దారి పలకల బరువు. నేను ఇంజనీరును కాను. తుప్పు ఎంత లోతు తిన్నదో, రివెట్లు ఎన్ని వదులయ్యాయో, దిమ్మల పునాది కింద వరద ఎంత కోసిందో నాకు తెలియదు. సుత్తి, కొలబద్ద పట్టుకుని వచ్చి మీరే చెప్పాలి. నా ఫిర్యాదల్లా ఒక్కటే, ఇంతవరకూ ఎవరూ ఆ పనికి రాలేదు. వచ్చింది రంగు డబ్బాతో.

'ఇలాంటిది ఎక్కడైనా చేశారా?' అన్నారు ఇంకొకరు. చేశారు. మా మనవరాలు ఫోనులో చూపించింది, తర్వాత నేనే కూర్చుని చదివాను. అమెరికాలో ఒహాయో నది మీద కెంటకీ రాష్ట్రపు లూయీవిల్ ఊరికీ, అవతల ఇండియానా రాష్ట్రపు జెఫర్సన్‌విల్‌కూ మధ్య 1895లో ఒక రైలు వంతెన తెరిచారు. నాలుగు పెద్ద నగరాల పేర్లు కలిపిన రైలు కంపెనీది కాబట్టి దాన్ని 'బిగ్ ఫోర్' అన్నారు. (వాళ్లకు పెద్ద నాలుగు, మాకు ఐదు కళ్లు. పేర్లు పెట్టడంలో మనుషులంతా ఒకటే.) దాని పునాదులు తవ్వేటప్పుడు, గర్డర్లు ఎక్కించేటప్పుడు 37 మంది కూలీలు చనిపోయారు. 1960ల చివర రైలు కంపెనీలు విలీనమై బండ్లన్నీ వేరే వంతెనకు మళ్లాయి. దీన్ని వదిలేశారు. వదిలేస్తే వదిలేశారు గానీ, రెండు వైపులా ఎక్కే దారిని ఊడదీసి పాత ఇనుము కింద అమ్మేశారు. నది నడిమధ్య వంతెన నిలబడే ఉంది, దాని మీదికి ఎక్కడానికి లేదు, దిగడానికి లేదు. 'ఎక్కడికీ పోని వంతెన' అని ఊరివాళ్లు పేరు పెట్టారు. నలభై ఏళ్లకు పైగా అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత దాన్ని నడకదారిగా మార్చారు. 2013 ఫిబ్రవరిలో లూయీవిల్ వైపు మెలిక తిరిగిన ఏటవాలు దారి సిద్ధమైంది. జెఫర్సన్‌విల్ వైపు దారి 2014 మే దాకా కాలేదు. ఏడాదికి పైగా జనం వంతెన ఎక్కి, నది దాటి, పక్క రాష్ట్రం అంచున నిలబడి, దిగే దారి లేక వెనక్కి తిరిగి వచ్చారు. అయినా వచ్చారు. ఈ కథలో నాకు పట్టింది ఆ అమ్మేసిన ఎక్కుడు దారి. ఎందుకంటే మా వంతెనకు రెండు వైపులా ఉన్న పాత రైలు కట్ట మట్టిని ట్రాక్టర్లు రాత్రిళ్లు తోలుకుపోతున్నాయి. పడమటి వైపు కట్ట ఇప్పటికే రెండు ట్రాక్టర్ల పొడవు మాయమైంది. ఇంకో రెండు వానాకాలాలు ఆగితే మాదీ ఎక్కడికీ పోని వంతెనే.

అంత దూరం ఎందుకు, మన గోదావరి చూడండి. రాజమండ్రి, కొవ్వూరు మధ్య హేవలాక్ వంతెన 1900 ఆగస్టులో తెరిచారు. 56 కళ్లు. 1997లో బండ్లు ఆపేశారు. నడకదారి చేస్తాం, వనం పెంచుతాం, పర్యాటకులను తెస్తాం అని పావు శతాబ్దం పాటు వింటూ వచ్చాం. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పథకంలో దానికి చోటు దక్కింది. సంతోషం. ఆ వంతెన గోదావరి మీద ఉంది, సినిమాల్లో కనిపిస్తుంది, పుష్కరాలకు లక్షల మంది చూస్తారు, అయినా ఇన్నేళ్లు పట్టింది. ఎవరూ చూడని మా వాగు మీది వంతెనకు ఎన్నేళ్లు పడుతుందో తలుచుకునే ఇప్పుడు గొంతు పెంచుతున్నాను. మేము వనం అడగడం లేదు, రంగు దీపాలు అడగడం లేదు, సెల్ఫీ తీసుకునే మూల అసలే అడగడం లేదు. తలుపులకు బదులు పలకలు అడుగుతున్నాం.

'నిర్వహణ ఎవరు చూస్తారు?' అన్నది న్యాయమైన ప్రశ్న. 1989 రైల్వే చట్టం 17వ సెక్షను కింద, ఖర్చు తాము పెట్టుకుంటామంటే రాష్ట్ర ప్రభుత్వం గానీ స్థానిక సంస్థ గానీ రైలు దారిని దాటే రోడ్డు వంటి పనులు చేయించమని రైల్వేను కోరే వీలుంది. పట్టాలను దాటడానికే అలాంటి ఏర్పాటు ఉన్నప్పుడు, పట్టాలే లేని పాత గర్డర్లను పంచాయతీకి అప్పగించడానికి దారి దొరకదంటే నమ్మలేను. రెండు పంచాయతీలూ తీర్మానం చేసి సంతకాలు పెట్టాయి. నకళ్లు నా మూడో అర్జీకి జత చేశాను. 'పరిధి కాదు' అని తిరిగి వచ్చిన కవరులో అవి మడత కూడా విప్పకుండా ఉన్నాయి.

కాబట్టి మేము అడుగుతున్నవి:

1. గర్డర్ల వేలాన్ని వెంటనే ఆపండి. నడకదారి మీద నిర్ణయం అయ్యే దాకా ఆపుతున్నట్టు రాతపూర్వకంగా చెప్పండి. నోటి మాట వద్దు. మా వాగు చప్టాకు నోటి మాట నాలుగుసార్లు వచ్చింది.

2. రైల్వే వంతెనల ఇంజనీరు, పంచాయతీరాజ్ ఇంజనీరు ఒకే రోజున, మా ముందర తనిఖీ చేయాలి. విడివిడిగా వస్తే ఒకరి మీద ఒకరు చెబుతారు. గర్డర్లు పనికిరావని తేలితే ఆ మాటే కారణాలతో రాసి ఇవ్వండి, తల వంచుతాం. అప్పుడు ఆ రాతి దిమ్మల మీద కొత్త తేలిక దూలాలు వేయవచ్చా అన్నది కూడా అదే కాగితంలో చెప్పండి.

3. దారి వేస్తే రెండు మీటర్ల వెడల్పు, పిల్లల తల దూరని కమ్మీలతో రెండు వైపులా రెయిలింగు, కొత్త రైలు దారి వైపు కంచె. ఆటోలు, బైకులు ఎక్కకుండా రెండు కొసల్లో రాళ్లు పాతండి. బైకులు ఎక్కనివ్వకపోతే మా కుర్రవాళ్లే నన్ను తిడతారు, అయినా రాస్తున్నాను.

4. కట్ట మట్టి తోలకాన్ని ఈ వారమే ఆపించండి. ఇది డబ్బుతో పని కాదు, ఒక కానిస్టేబులుతో పని.

5. ఇవన్నీ అయ్యే లోపల కొట్టుకుపోయిన చప్టా స్థానంలో కనీసం గొట్టాలు వేసి దారి చేయండి. కొత్త వంతెన మీద మనుషులు నడవకూడదని మేమూ అంటున్నాం. నడవనవసరం లేకుండా చేయండి.

6. ఈ లేఖ ప్రతిని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుతో కలిపి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. చట్టం మీకు 30 రోజులు ఇచ్చింది. అది మీకు అందిన తేదీ నుంచి లెక్కపెడతాను. ఆ పని నాకు బాగా అలవాటు.

తనిఖీకి వచ్చేటప్పుడు రెండు రోజుల ముందు కబురు పెట్టండి. మంగళవారం మాత్రం వద్దు, సంత రోజు, ఊళ్లో ఎవరూ ఉండరు. మధ్యాహ్నం ఇనుము కాలుతుంది, పొద్దున ఎనిమిది లోపల వస్తే పాల క్యాన్లు ఎటు పోతున్నాయో మీ కళ్లతో మీరే చూడవచ్చు. కట్ట పక్కన పేర్చిన తలుపులను చెదలు పట్టకుండా రాళ్ల మీద ఎత్తి పెట్టాం. బస్సు బొమ్మ ఉన్నది మాది. దాని మీద కూర్చుని కాగితాలు రాసుకోవచ్చు.

ఇట్లు,
విశ్రాంత గ్రామీణ డాక్ సేవక్,
ఐదు కళ్ల వంతెనకు రెండు వైపులా ఉన్న ఊళ్ల తరఫున